ఫ్యాను ఆగితే అప్పు చేయాల్సిందేనా?

డెబ్భై రూపాయల మరమ్మతుకు పది వారాల బాకీ: కొనే ముందు చూసుకోవలసిన సంగతులు

(మాచర్ల గ్రామీణ విలేఖరి)

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని సామెత. మన పల్నాడులో చలితో పాటు నిద్ర కూడా వెళ్ళిపోతుంది. కోటప్పకొండ తిరునాళ్ళ ముగిసి, ప్రభలు ఊళ్ళకు తిరిగి చేరిన కొద్ది వారాలకే ఎండలు ముదురుతాయి. రాష్ట్రంలో ఎండల మాట వస్తే ముందుగా రెంటచింతల పేరే చెప్పుకోవడం అందరికీ విదితమే. రేకుల కప్పులు, నాపరాతి గోడలు పగలంతా కాగి, రాత్రి ఆ వేడినంతా ఇంట్లోకి వదులుతాయి. అలాంటి ఇంట్లో ఉన్న ఒక్క ఫ్యానూ ఆగిపోతే పడే అవస్థ అనుభవించిన వారికే తెలుసు. ముసలివారు, పసిపిల్లలు, బాలింతలు ఉన్న ఇళ్ళ సంగతి చెప్పనక్కర లేదు.

ఫ్యాను ఇప్పుడు విలాస వస్తువు కాదు. అది లేకపోతే రాత్రి నిద్ర ఉండదు, నిద్ర లేకపోతే తెల్లవారి కూలికి వెళ్ళే ఓపిక ఉండదు. అందుకే ఫ్యాను ఆగిన మరునాడే బస్సెక్కి పట్నం దుకాణానికి పోవడం, చేతిలో డబ్బు లేకపోతే వారం వాయిదాల వారి దగ్గర సంతకం పెట్టడం పల్లెల్లో మామూలైపోయింది. ఆ తొందరలో జరుగుతున్న నష్టం చిన్నదేమీ కాదు.

రెంటచింతల మండలంలోని ఒక గ్రామంలో మిరప కోతలకు వెళ్ళే ఒక మహిళ ఇంటికి కూతురు పురిటికి వచ్చింది. బిడ్డకు నెల నిండకముందే, మే నెలలో, ఫ్యాను ఆగిపోయింది. స్విచ్చి వేస్తే మూలుగుతున్నది గాని రెక్క కదలడం లేదు. పాత ఫ్యానును సంచిలో పెట్టుకొని పట్నం తీసుకుపోతే, దుకాణంలో "ఇది పోయిందమ్మా, పారేయాల్సిందే" అన్నారు. పాతదానికి 150 రూపాయలు కట్టి, 2800 రూపాయల కొత్త ఫ్యాను చేతిలో పెట్టారు. మిగతా సొమ్ముకు ఆమె వారం వాయిదాల అప్పు చేసింది. కొద్ది రోజుల తరువాత తెలిసిన సంగతి ఏమంటే, ఆ పాత ఫ్యానుకు 70 రూపాయల కండెన్సరు వేయగా అది శుభ్రంగా తిరిగిందట. "పసిబిడ్డ చెమటకు గుక్కపట్టి ఏడుస్తుంటే ఆలోచన ఎక్కడ ఉంటుందయ్యా? ఎంత చెబితే అంతకు తెచ్చుకున్నాం" అని ఆమె ఈ విలేఖరితో వాపోయింది.

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. గురజాల వైపు ఒక దర్జీ తన ఫ్యాను కాలిపోతే రెండు వేసవుల్లో రెండుసార్లు వైండింగు చేయించాడు. రెండింటికీ కలిపి 1100 రూపాయలు అయింది. మూడో వేసవికి అది మళ్ళీ కాలింది. చివరకు కొత్తది కొనక తప్పలేదు. మొదటే కొని ఉంటే ఆ 1100 మిగిలేది. కాబట్టి బాగు చేయించడం ప్రతిసారీ పొదుపు కాదు, కొనడం ప్రతిసారీ దుబారా కాదు. పోయింది ఏ భాగమో తెలుసుకోవడమే అసలు విషయం.

జబ్బు తెలిసాకే మందు

మాచర్లలో ముప్పయ్యేళ్ళుగా మోటార్లు చుడుతున్న ఒక మెకానిక్కు చెప్పిన ప్రకారం సీలింగు ఫ్యానుకు వచ్చే జబ్బులు నాలుగే నాలుగు. వాటిని ఇంట్లోనే గుర్తుపట్టవచ్చు.

మొదటిది కండెన్సరు. ఫ్యాను కప్పులో, అగ్గిపెట్టె సైజులో ఉండే చిన్న డబ్బా ఇది. మామూలు ఫ్యాన్లకు ఎక్కువగా 2.5 నంబరుది వాడతారు, కొన్నిటికి 3.15 ఉంటుంది. రెక్క తిరగడం మొదలుపెట్టడానికి కావలసిన ఊపు ఇచ్చేది ఇదే. ఏళ్ళ తరబడి వేడికి ఇది బలహీనపడితే ఫ్యాను నెమ్మదిస్తుంది. పూర్తిగా పోతే ఫ్యాను మూలుగుతుంది గాని కదలదు. పొడి కర్రతో రెక్కను కొంచెం తోసి కర్ర వెంటనే తీసేస్తే తిరగడం మొదలుపెడుతుంది. ఇలా తిరిగిందంటే జబ్బు కండెన్సరుదే అనుకోవచ్చు. దాని ఖరీదు, మార్చే కూలి కలిపి వంద రూపాయల లోపు తేలుతుంది. పాతదాని మీద ఏ నంబరు ఉంటే అదే వేయాలి. ఎక్కువ నంబరుది వేస్తే గాలి ఎక్కువ వస్తుందని కొందరు వేయిస్తారు, దానివల్ల మోటారు వేడెక్కి కాలిపోతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త ఉంది. ఫ్యాను కదలకుండా మూలుగుతుంటే స్విచ్చి అలాగే వదిలేయకూడదు. కర్రతో తోసి నడుపుకుంటూ రోజులు గడపకూడదు. కదలని మోటారులో కరెంటు వేడిగా మారి తీగ కాలిపోతుంది. వంద రూపాయలతో పోయే జబ్బు అప్పుడు ఆరేడు వందలకు ఎక్కుతుంది.

రెండవది బేరింగులు. కరకరమని చప్పుడు వస్తుంది. స్విచ్చి ఆపి చేత్తో తిప్పితే రెక్క బరువుగా, పట్టి పట్టి తిరుగుతుంది. రెండు బేరింగులు మార్చడానికి కూలితో కలిపి రెండు మూడు వందలు అవుతుంది. చప్పుడే కదా అని ఊరుకుంటే ఆ బిగుతు భారమంతా వైండింగు మీద పడుతుంది.

మూడవది వైండింగు. కాలిన వాసన వస్తుంది, ఫ్యూజు పోతుంది, రెక్కలు తేలికగా తిరిగినా కరెంటు ఇస్తే కదలిక ఉండదు. ఫ్యాను గాని, రెగ్యులేటరు గాని ముట్టుకుంటే షాకు కొడితే మాత్రం ఒక్క నిమిషం కూడా వాడకూడదు. మెయిను ఆపి మెకానిక్కును పిలవాలి.

నాలుగవది అసలు ఫ్యాను జబ్బే కాదు. స్విచ్చి, రెగ్యులేటరు, వదులైన తీగ, లేదా లో వోల్టేజి. ఫుల్లులో తిరిగి, తగ్గిస్తే ఆగిపోతే రెగ్యులేటరును అనుమానించాలి. రాత్రి ఏడు నుంచి పది దాకా వీధిలో అందరి ఫ్యాన్లూ నీరసంగా తిరుగుతుంటే అది ట్రాన్స్‌ఫార్మరు మీద భారం. దానికి కొత్త ఫ్యాను మందు కాదు. నలుగురూ కలిసి విద్యుత్తు సంస్థ వారి 1912 నంబరుకు ఫిర్యాదు చేసి, లైన్‌మన్‌ను అడగాలి.

ఒక్కోసారి రెక్కల మీద పేరుకున్న దుమ్ము, జిడ్డే గాలి తగ్గడానికి కారణం కావచ్చు. మిరప కల్లాల దగ్గర, సున్నపు బట్టీల దగ్గర ఉండే ఇళ్ళలో ఇది మరీ ఎక్కువ. తడిగుడ్డతో తుడిచేటప్పుడు రెక్క వంగకుండా చూసుకోవాలి. వంగితే ఫ్యాను ఊగుతుంది. పైన కొక్కేనికి ఉండే బోల్టు, దాని చివర పిన్ను, రబ్బరు బుష్షు ఏటా ఒకసారి చూడడం ప్రాణానికి మంచిది.

బాగు చేయించాలా? మార్చాలా?

కండెన్సరు, బేరింగులు, రెగ్యులేటరు పోతే బాగు చేయించుకోవడమే మేలు. ఇందులో రెండో మాట లేదు. చిక్కంతా వైండింగు దగ్గరే వస్తుంది.

వైండింగు రాగిదా, అల్యూమినియందా అని ముందుగా అడగాలి. కంపెనీ చుట్టిన రాగి వైండింగు ఉన్న బరువైన పాత ఫ్యానును, రాగి తీగతోనే, అదే గేజి, అన్ని చుట్లే పెట్టి చుట్టిస్తే ఇంకొన్నేళ్ళు పనిచేస్తుంది. తీగ గేజి మారినా, చుట్లు తగ్గినా ఫ్యాను వేడెక్కుతుంది, గాలి తగ్గుతుంది, కరెంటు ఎక్కువ తాగుతుంది. చవక రకం అల్యూమినియం ఫ్యాను కాలితే దానికి ఖర్చు పెట్టడం దండగే.

మన ప్రాంతంలో వైండింగుకు తీగను బట్టి, దుకాణాన్ని బట్టి 400 నుంచి 700 రూపాయల దాకా అడుగుతున్నారు. మామూలు కొత్త ఫ్యాను 1500 రూపాయల అటూఇటూగా దొరుకుతున్నది. మెకానిక్కు చెప్పిన కొండగుర్తు ఇది: "మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో మూడో వంతు దాటితే, ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఒకసారి చుట్టిన ఫ్యాను మళ్ళీ కాలితే ఇక చుట్టించకండి." కాలిన తీగ రాగిదైతే దానికీ ధర ఉంటుంది. దాన్ని తూకం వేయించి కూలిలో తగ్గించమని అడిగే హక్కు ఫ్యాను గలవారికి ఉంది. చాలామంది అడగరు.

పాత ఫ్యాను కొనేవారు దాన్ని దుకాణంలోనే అరగంట తిప్పించి చూడాలి. మోటారు డిప్ప చెయ్యి పెట్టలేనంత కాలకూడదు, ఊగకూడదు, చప్పుడు రాకూడదు. మూడు రెక్కలూ ఒకే జతవి అయి ఉండాలి.

కొత్తదైతే ఏది?

ఇప్పుడు దుకాణాల్లో రెండు రకాలు కనిపిస్తున్నాయి. ఒకటి మనకు అలవాటైన మామూలు ఫ్యాను. ఇది 75 వాట్ల వరకు కరెంటు తీసుకుంటుంది. రెండవది రిమోటుతో వచ్చే బీఎల్‌డీసీ రకం. ఇది 30 వాట్ల అటూఇటూ తీసుకుంటుంది. దీని ధర 2500 నుంచి 3500 రూపాయల మధ్య ఉంటున్నది. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలుగా ఖరారైంది. ఆ లెక్కన 1500 రూపాయల ఫ్యాను అయిదు రోజుల కూలి, 2800 రూపాయల ఫ్యాను తొమ్మిది రోజుల కూలి.

ఎక్కువ పెట్టిన డబ్బు ఎప్పటికి తిరిగి వస్తుందో చూద్దాం. రోజుకు 16 గంటలు తిరిగితే మామూలు ఫ్యాను నెలకు 36 యూనిట్లు కాలుస్తుంది. రిమోటు ఫ్యాను 14 యూనిట్లు చాలు. నెలకు దాదాపు 22 యూనిట్లు మిగులు. మన రాష్ట్రంలో 2022లో నిర్ణయించిన శ్లాబుల ప్రకారం ఇంటి వాడకంలో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90, తరువాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు. సర్దుబాటు చార్జీలు వీటికి అదనం.

నెలకు 110, 120 యూనిట్లు కాలే ఇంట్లో 22 యూనిట్లు తగ్గితే సుమారు వంద రూపాయలు మిగులుతాయి. ఏడాదిలో ఎనిమిది నెలలు ఫ్యాను అంతగా తిరుగుతుందనుకుంటే ఎనిమిది వందలు. ధరలో తేడా 1300 రూపాయలు రెండేళ్ళ లోపే తిరిగి వస్తాయి. నెలకు 70 యూనిట్లు కాలే ఇంట్లో మిగిలేది నెలకు 66 రూపాయలే కనుక రెండున్నరేళ్ళు పడుతుంది. ఒక ఫ్యాను, రెండు బల్బులతో సరిపెట్టుకునే ఇంటికి నాలుగేళ్ళు కూడా చాలకపోవచ్చు. ప్రభుత్వ ఉచిత విద్యుత్తు పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడుకునే ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఈ మిగులు డబ్బు రూపంలో కనిపించదు. కాబట్టి "కరెంటు బిల్లు సగమవుతుంది" అనే మాట అందరి ఇళ్ళకూ ఒకేలా వర్తించదు. మీ ఇంటి బిల్లు చేతిలో పెట్టుకొని లెక్క వేసుకోండి.

రిమోటు ఫ్యానులో ఇంకో సంగతి ఉంది. లోపల ఉండేది ఎలక్ట్రానిక్ బోర్డు. అది పోతే మన ఊరి మెకానిక్కు చేతిలో పని కాదు. బోర్డు దొరికినా వందల్లో ఖర్చవుతుంది. అందుచేత గ్యారంటీ ఎన్నేళ్ళు, బోర్డుకు కూడా ఉందా, దగ్గర్లో సర్వీసు ఎక్కడ అని కొనకముందే అడగాలి. ఈ ఫ్యానుకు పాత రెగ్యులేటరు తగిలించకూడదు, దాన్ని తీసేయించాలి.

ఏ రకం కొన్నా డబ్బా మీద నక్షత్రాల ముద్ర చూడండి. సీలింగు ఫ్యాన్లకు ఈ ముద్ర 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి. నక్షత్రాలు ఎక్కువైన కొద్దీ అంతే కరెంటుకు ఎక్కువ గాలి. ఐ.ఎస్. 374 నంబరుతో ఐ.ఎస్.ఐ. ముద్ర కూడా ఉండాలి. ముద్ర లేని సరుకు వంద రూపాయలు తక్కువకు ఇస్తానన్నా తీసుకోవద్దు.

వాయిదాల లెక్క

ఫ్యాను ధర కంటే అప్పు ధరే ఎక్కువ కుంగదీస్తున్నది. మూడు వేలు అప్పు అని రాసి, మూడు వందలు ముందే పట్టుకొని 2700 చేతిలో పెడతారు. వారానికి 300 చొప్పున పది వారాలు కట్టాలి. "మూడు వేలకు మూడు వందలే కదా" అని తీసుకునేవారు అనుకుంటారు. కాని అసలు వారం వారం తిరిగి కట్టేస్తూనే ఉన్నారు గదా! ఆ లెక్కన చూస్తే పడే వడ్డీ నెలకు నూటికి ఎనిమిది రూపాయల పైమాటే. ఊళ్ళో రెండు రూపాయల వడ్డీనే ఎక్కువని అనుకునే మనం, దీన్ని వడ్డీ అని గుర్తించడమే లేదు. పైగా ఒక వారం పని దొరక్కపోతే ఇంటి ముందు నిలబడి అడిగే మాటలు వేరే.

డ్వాక్రా సంఘంలో ఉన్న ఇళ్ళకు సంఘం పొదుపు నుంచి చిన్న అప్పు తీసుకునే వీలుంది. వడ్డీ ఎంతో సంఘమే నిర్ణయించుకుంటుంది, ఆ వడ్డీ తిరిగి సంఘానికే చేరుతుంది. అదీ కుదరనప్పుడు 1500 రూపాయల ఫ్యాను రొక్కం పెట్టి కొనడం, 2800 రూపాయల ఫ్యానును అప్పు మీద తేవడం కంటే నయం. కరెంటు బిల్లులో మిగిలేదంతా వడ్డీకే పోయేటట్లయితే పొదుపు ఫ్యాను అనే పేరుకు అర్థం లేదు.

బిల్లు దాచుకోండి

కొన్న రోజే తేదీతో బిల్లు తీసుకోవాలి. గ్యారంటీ కార్డు మీద దుకాణం ముద్ర వేయించాలి. బిల్లు లేకపోతే వంద తగ్గిస్తామనే మాటకు లొంగితే గ్యారంటీ మొత్తం పోయినట్లే. గ్యారంటీ ఉండగా చెడిపోయి, దుకాణదారు తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్ళవచ్చు. కొన్న వస్తువు విలువ అయిదు లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. వకీలును పెట్టుకోవాలన్న నిబంధన కూడా లేదు.

2016 ఏప్రిల్‌లో విజయవాడలో కేంద్ర ప్రభుత్వం పొదుపు ఫ్యాన్ల పథకాన్ని ప్రారంభించింది. మామూలు ఫ్యాను 75, 80 వాట్లు తీసుకుంటే ఆ ఫ్యాను 50 వాట్లే తీసుకునేది. ధరను కరెంటు బిల్లుతో పాటు నెలనెలా చిన్న వాయిదాలుగా కట్టే వీలు కూడా అందులో కల్పించారు. వారం వాయిదాల బారిన పడకుండా పేద ఇంటికి మంచి ఫ్యాను చేర్చే దారి అదే. ఇప్పటి రిమోటు ఫ్యాన్లను ఆ పద్ధతిలో, సబ్‌స్టేషను ఉన్న ప్రతి పెద్ద గ్రామంలో, వేసవి రాకముందే అందుబాటులో పెట్టాలని కూలి కుటుంబాలు కోరుతున్నాయి. అలాగే ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రీషియన్ శిక్షణ పొందుతున్న పల్లె యువకులకు ఈ కొత్త బోర్డుల మరమ్మతు కూడా నేర్పితే వారికి ఉపాధి, ఊరికి ఉపకారం రెండూ జరుగుతాయి.

ఈలోగా ఎవరి జాగ్రత్త వారిది. మే నెలలో మెకానిక్కు దొరకడు, దొరికినా తొందర పనికి ధర ఎక్కువ. సంక్రాంతి వెళ్ళగానే ఒకసారి ఫ్యాను తుడిచి, చేత్తో తిప్పి, చప్పుడు విని, నెమ్మదించిందనిపిస్తే అప్పుడే కండెన్సరు మార్పించుకోవడం మంచిది. వేసవిలో ఆగిపోయినా సరే, సంచిలో పెట్టుకొని దుకాణానికి పోయే ముందు ఊళ్ళో మెకానిక్కుకు ఒకసారి చూపించండి. చూసినందుకు అతను తీసుకునే యాభై రూపాయలు పది వారాల బాకీని తప్పించవచ్చు.